బొగ్గుగని కార్మికుడి కూతురు: లొరెట్టా లిన్ జీవితం, ఆమె కాలం

అమెరికన్ కంట్రీ గాయని లొరెట్టా లిన్ 1976లో తన ఆత్మకథను ప్రచురించింది. తనకు 13 ఏళ్ల వయసులో పెళ్లయిందని అందులో రాసుకుంది. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. 1980లో దాని ఆధారంగా తీసిన సినిమా ఇంకా ఎక్కువమందికి చేరింది. ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు ఆమె గురించి రాసినవారంతా ఆ 13 అనే అంకెనే ఎత్తి రాశారు. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కెంటకీ రాష్ట్రపు రికార్డులు తీసి చూసింది. జనన ధ్రువపత్రంలో తేదీ 1932 ఏప్రిల్ 14. వివాహ పత్రంలో తేదీ 1948 జనవరి 10. తీసివేత మీరే చేసి చూడండి. పెళ్లినాటికి ఆమె వయసు దాదాపు 15 ఏళ్ల 9 నెలలు.

చరిత్ర విద్యార్థులైన మీరు ఈ తేడాను ఎలా అర్థం చేసుకోవాలి? పుస్తకం అబద్ధమని పక్కన పెట్టేయాలా? పేదల ఇళ్లలో పుట్టిన ఆడవాళ్ల గురించి ప్రభుత్వ దస్తావేజులు చెప్పేది చాలా తక్కువ. వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలే మనకు మిగిలే ముఖ్యమైన ఆధారాలు. ఆ మాటల్లో ఒకటి తప్పని తేలినప్పుడు మిగతావాటిని ఏం చేయాలన్నది చిన్న ప్రశ్న కాదు. లొరెట్టా లిన్ జీవితాన్ని చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి.

కంట్రీ సంగీతం అంటే

కంట్రీ సంగీతాన్ని తెలుగులో కొందరు 'జానపద సంగీతం' అని అనువదిస్తారు. అది సరికాదు. మన జానపద గీతానికి కర్త ఎవరో తెలియదు. అది నోటినుంచి నోటికి పాకుతుంది. కంట్రీ సంగీతానికి మూలాలు అలాంటి పాటల్లోనే ఉన్నా, ఆ పేరుతో మనకు తెలిసిన సంగీతం మాత్రం రికార్డు కంపెనీలు, రేడియో కలిసి 1920లలో తయారుచేసిన సరుకు. 1927లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ టెన్నెసీ సరిహద్దులోని బ్రిస్టల్ పట్టణానికి రికార్డింగ్ యంత్రాలతో వచ్చి, కార్టర్ కుటుంబాన్నీ, జిమ్మీ రోజర్స్‌నూ తొలిసారి రికార్డు చేశాడు. అప్పట్లో ఈ సంగీతాన్ని 'హిల్‌బిల్లీ' అనేవారు. కొండప్రాంతపు మొరటువాడు అని ఎగతాళి చేసే మాట అది. నల్లజాతివారు పాడినవాటిని 'రేస్ రికార్డులు' అని వేరే జాబితాలో పెట్టి అమ్మేవారు. ఈ సంగీతంలో ఇంత ముఖ్యమైన బాంజో వాద్యం ఆఫ్రికా మూలాలు ఉన్నది. ఆ విభజన సంగీతంలో లేదు, అంగట్లో ఉంది.

రేడియో సంగతి మరీ ఆసక్తికరం. నాష్‌విల్ నగరంలోని డబ్ల్యు.ఎస్.ఎం. కేంద్రం 1925లో మొదలుపెట్టిన శనివారం రాత్రి కార్యక్రమమే తరువాత 'గ్రాండ్ ఓల్ ఆప్రీ'గా పేరుపొందింది. ఆ కేంద్రం ఒక బీమా కంపెనీది! పల్లెల్లో పేద కుటుంబాలకు చిన్న చిన్న పాలసీలు అమ్మే ఏజెంట్లకు ఆ పాటలు తలుపులు తెరిచేవి. కెంటకీ కొండల్లో ఒక గదిలో పిల్లలంతా రేడియో చుట్టూ చేరి ఆ కార్యక్రమం వినేవారని లొరెట్టా రాసింది. ఆ కొండల్లో శనివారం రాత్రులు ఎలా గడిచేవో తెలిసినవారెవరూ ఈ మాటను శంకించరు.

భూమి పైన ఒకరిది, కింద ఇంకొకరిది

లొరెట్టా వెబ్ పుట్టిన ఊరు బుచర్ హాలో. తూర్పు కెంటకీలో, జాన్సన్ కౌంటీలో, రెండు కొండల మధ్య ఇరుకైన లోయ. ఎనిమిదిమంది పిల్లల్లో ఆమె రెండోది. తండ్రి టెడ్ వెబ్ కాస్త వ్యవసాయం చేసేవాడు, గనిలో పనిచేసేవాడు. దగ్గరి ఊరు వాన్‌లియర్. అది సాధారణమైన ఊరు కాదు. కన్సాలిడేషన్ కోల్ కంపెనీ కట్టిన 'కంపెనీ ఊరు'. ఊరి పేరు కూడా కంపెనీ డైరెక్టర్లలో ఒకరైన వాన్ లియర్ బ్లాక్‌ది. ఇలాంటి ఊళ్లలో ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది. జీతంలో కొంత భాగం 'స్క్రిప్' అనే బిళ్లల రూపంలో ఇచ్చేవారు. అవి కంపెనీ దుకాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లేవి కావు. కష్టానికి వచ్చిన డబ్బు పొద్దుగూకేలోగా తిరిగి అదే చేతికి చేరేది.

అసలు ఆ బొగ్గు కంపెనీల చేతికి ఎలా పోయింది? దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. లొరెట్టా గురించి రాసిన సినిమా పత్రికలు ఎప్పుడూ చెప్పని విషయమిది. 19వ శతాబ్దం చివర్లో ఇదే జాన్సన్ కౌంటీకి చెందిన జాన్ సి.సి. మేయో అనే బడిపంతులు కొండరైతుల దగ్గరికి వెళ్లి, 'మీ పొలం మీదే ఉంచుకోండి, కింద ఉన్న ఖనిజం హక్కు మాత్రం నాకు రాసివ్వండి' అని అడిగి కొద్దిపాటి సొమ్ముకు కాగితాలు రాయించుకున్నాడు. ఆ రకం దస్తావేజును 'బ్రాడ్ ఫార్మ్ డీడ్' అంటారు. ఖనిజం తీయడానికి అవసరమైన పని ఏదైనా చేసుకునే హక్కు కూడా అందులో రాసి ఉండేది. సంతకం చేసిన రైతుకు గునపం, పార తప్ప ఇంకే పనిముటూ తెలియదు. కొన్ని దశాబ్దాల తరువాత కొండనే చెక్కేసే భారీ యంత్రాలు వచ్చాయి. పైనున్న పొలం, చెట్టు, బావి ఏది పోయినా కంపెనీకి హక్కుందని కోర్టులు తీర్పులిచ్చాయి. 1988లో కెంటకీ ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించుకుంటేగానీ ఆ కాగితాల పట్టు సడలలేదు. మేయో మాత్రం ఆ బొగ్గు హక్కులను పెద్ద కంపెనీలకు అమ్మి ఆ ప్రాంతంలోకెల్లా ధనవంతుడయ్యాడు.

తాతల నాటి భూమి మీద ఉంటూనే మనవలు కూలివాళ్లయిన తీరు ఇది. లొరెట్టా తండ్రి తరం ఆ మనవల తరం.

బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి వచ్చే జబ్బును అక్కడ 'బ్లాక్ లంగ్' అంటారు. వైద్యశాస్త్రంలో దాని పేరు న్యుమోకోనియోసిస్. మీలో సింగరేణి ప్రాంతంనుంచి చదువుతున్నవారికి, బొగ్గుబాయిలో పనిచేసి వచ్చిన పెద్దల దగ్గు విని పెరిగినవారికి, దీన్ని వివరించనక్కరలేదు. టెడ్ వెబ్‌కు ఆ జబ్బు ఉంది. పని చేయలేని స్థితిలో కొండలు వదిలి ఇండియానాకు కుటుంబంతో వలసపోయాడు. 1959లో, 52 ఏళ్ల వయసులో చనిపోయాడు. కూతురి మొదటి రికార్డు ఆ మరుసటి సంవత్సరం వచ్చింది. ఆయన దాన్ని వినలేదు.

పెళ్లి, వలస, గిటారు

పెళ్లికొడుకు ఆలివర్ లిన్ సైన్యంనుంచి తిరిగివచ్చిన యువకుడు. అందరూ 'డూలిటిల్' అనేవారు. దొంగసారా వ్యాపారంలో తిరిగినందుకు 'మూనీ' అని ఇంకో పేరు. పెళ్లయిన ఏడాదిలోనే గర్భవతిగా ఉన్న భార్యను తీసుకుని అతను అమెరికా ఖండం ఆ చివరికి, కెనడా సరిహద్దు దగ్గరున్న కస్టర్ అనే ఊరికి వెళ్లాడు. కెంటకీలో మిగిలినవి రెండే దారులు: గనిలోకి దిగడం, లేదా కొండ దిగి వెళ్లిపోవడం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత గనుల్లోకి యంత్రాలు రావడంతో ఉద్యోగాలు తగ్గిపోయి, అపలాచియన్ కొండలనుంచి లక్షలాది జనం ఉత్తరాది, పశ్చిమ రాష్ట్రాలకు వెళ్లారు. లిన్ దంపతులది ఆ పెద్ద వలసలో ఒక చిన్న భాగం.

20 ఏళ్లు నిండకముందే లొరెట్టాకు నలుగురు పిల్లలు. ఇళ్లలో పని, పొలాల్లో పళ్లు ఏరే పని. 1953లో డూలిటిల్ ఆమెకు ఒక గిటారు కొనిచ్చాడు. వెల 17 డాలర్లు. ఆమె పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడుకునే పాటలు విని, రేడియోలో పాడేవాళ్లకంటే నువ్వే బాగా పాడుతున్నావని పోరుపెట్టినవాడు అతనే. తాగి ఇంటికొచ్చినవాడూ, ఇతర స్త్రీల వెంట పడినవాడూ, చేయి చేసుకున్నవాడూ అతనే. తాను కూడా తిరిగి కొట్టేదాన్నని ఆమె రాసింది. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజమనుకుని కథ చెప్పేవారు చాలామంది. ఆమె మాత్రం రెండూ కలిపే చెప్పింది. అతను 1996లో చనిపోయేదాకా, దాదాపు 48 ఏళ్లు, ఆ కాపురం నిలిచింది.

1960లో వాంకూవర్‌కు చెందిన ఒక కలప వ్యాపారి పెట్టుబడితో జీరో రికార్డ్స్ అనే చిన్న సంస్థ ఆమె రాసిన 'ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్' పాటను విడుదల చేసింది. ప్రచారానికి సంస్థ దగ్గర డబ్బు లేదు. భార్యాభర్తలిద్దరూ కారులో రికార్డులు వేసుకుని, ఊరూరా రేడియో కేంద్రాల తలుపు తట్టి, వేయమని బతిమాలుతూ దేశం చుట్టారు. పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ జాబితాలో 14వ స్థానానికి చేరింది. అదే ఏడాది చివర్లో ఆమె గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద నిలబడింది. నాష్‌విల్‌లో డెకా కంపెనీ నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ ఆమెను తీసుకున్నాడు. అప్పటికే పెద్ద పేరున్న గాయని ప్యాట్సీ క్లైన్ ఆమెకు అండగా నిలిచి, వేదిక మీద ఎలా నడవాలో, ఎలాంటి బట్టలు వేసుకోవాలో నేర్పింది. 1963 మార్చిలో క్లైన్ విమాన ప్రమాదంలో మరణించింది. వారి స్నేహం రెండేళ్లకు మించి సాగలేదు.

పాటలో ఇల్లు, ఇంట్లో దేశం

అంతవరకూ కంట్రీ పాటల్లో మోసపోయిన భార్య ఏడ్చేది, లేదా ఓర్చుకునేది. లొరెట్టా పాటల్లోని భార్య తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతుంది. తాగి వచ్చే భర్తను లోపలికి రావద్దనే పాట 1967లో ఆమెకు తొలిసారి మొదటి స్థానం తెచ్చిపెట్టింది. దానికి ముందు సంవత్సరం వచ్చిన 'డియర్ అంకుల్ సామ్' వియత్నాం యుద్ధానికి భర్తను పంపిన భార్య ఉత్తరం. యుద్ధాన్ని నేరుగా ఖండించదు. దేశభక్తి చెప్పుకుంటూనే మనిషిని తిరిగి ఇవ్వమని అడుగుతుంది. కంట్రీ శ్రోతల్లో యుద్ధాన్ని సమర్థించేవారే ఎక్కువగా ఉన్న 1966లో ఈ పాట మొదటి పదింటిలోకి వచ్చిందంటే, ఆ సమర్థన కింద ఎంత దిగులు దాగి ఉందో మీరు ఊహించవచ్చు.

ఇక 'కోల్ మైనర్స్ డాటర్'. ఈ పాటను తేదీల పక్కన పెట్టి చదవాలి. 1968 నవంబర్‌లో వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. ఆ గని కన్సాలిడేషన్ కోల్ కంపెనీదే. వాన్‌లియర్ కట్టిన కంపెనీ. 1969 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో వేలాది కార్మికులు బ్లాక్ లంగ్‌కు పరిహారం కోరుతూ సమ్మె చేశారు. అదే ఏడాది డిసెంబర్ 30న అధ్యక్షుడు నిక్సన్ బొగ్గుగనుల ఆరోగ్య భద్రతా చట్టంపై సంతకం పెట్టాడు. ఈ పాట రికార్డయింది ఆ 1969లోనే. 1970లో విడుదలై డిసెంబర్‌లో మొదటి స్థానానికి చేరింది. చట్టం వచ్చిన సరిగ్గా ఏడాదికి, 1970 డిసెంబర్ 30న, కెంటకీలోని హైడెన్ దగ్గర గని పేలి 38 మంది మరణించారు. ఆ కుటుంబాల సహాయార్థం మరుసటి ఏడాది లూయీవిల్ నగరంలో లొరెట్టా కచేరీ ఏర్పాటు చేసింది. హైడెన్ వార్తలు రాసిన న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జార్జ్ వెక్సీయే తరువాత ఆమె ఆత్మకథకు సహరచయిత అయ్యాడు.

పాటలో వాన్‌లియర్ గని ఉంది, నాన్న రాత్రి పని ఉంది, అమ్మ చాకిరీ ఉంది, పిల్లల వట్టి కాళ్లు ఉన్నాయి. కంపెనీ పేరు లేదు. దగ్గు లేదు. మేయో కాగితాలు లేవు. పేదరికం ఉంది గానీ అది ఎవరు చేసిందో లేదు. ఉన్నంతలో ప్రేమగా బతికామన్న గర్వమే పాటంతా నిండి ఉంటుంది. నా దృష్టిలో ఈ మౌనం లోపం కాదు, ఒక సాక్ష్యం. 'హిల్‌బిల్లీ' అనే ఎగతాళిని జీవితమంతా భరించిన మనుషులకు, తమ ఇంటి గురించి లోకం ముందు చెప్పుకోవలసి వచ్చినప్పుడు మొదట గుర్తుకొచ్చేది పరువు, ఫిర్యాదు తరువాత. పాట మరీ పొడవుగా ఉందని బ్రాడ్లీ కొన్ని చరణాలు తీసేయించాడన్నది కూడా మరవకండి. మన చేతికి వచ్చే ఏ ఆధారమైనా ఎవరో ఒకరు కత్తిరించిన తరువాతే వస్తుంది.

'ది పిల్' వివాదం

గర్భనిరోధక మాత్రను అమెరికా ప్రభుత్వ సంస్థ 1960లో ఆమోదించింది. అయినా కొన్ని రాష్ట్రాల్లో దంపతులు గర్భనిరోధకాలు వాడడంపై చట్టపరమైన ఆటంకాలుండేవి. 1965లో సుప్రీంకోర్టు గ్రిస్వోల్డ్ కేసులో వాటిని కొట్టివేసింది. పేద స్త్రీలకు కుటుంబ నియంత్రణ సేవలు అందించడానికి కేంద్ర నిధులు 1970 చట్టంతో వచ్చాయి. లొరెట్టాకు ఇవన్నీ ఆలస్యమే. 1964లో కవలలు పుట్టేసరికి ఆమె ఆరుగురు పిల్లల తల్లి.

'ది పిల్' పాటను ఆమె 1972లో రికార్డు చేసింది. కంపెనీ దాన్ని మూడేళ్లు బయటికి రానివ్వకుండా దాచింది. 1975లో విడుదలైనప్పుడు అనేక రేడియో కేంద్రాలు వేయడానికి నిరాకరించాయి. చర్చిల్లో దీనికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు వినిపించాయి. అయినా కంట్రీ జాబితాలో 5వ స్థానానికి చేరింది. కంట్రీ వినని శ్రోతల జాబితాలోకి కూడా తొంగిచూసింది. ఈ పాటకు రచయితలుగా లొరీన్ అలెన్, డాన్ మెక్‌హాన్, టి.డి. బేలెస్ పేర్లున్నాయి. ప్రజలు మాత్రం దాన్ని లొరెట్టా సొంత మాటగానే విన్నారు. అధికారులు పంచిన కరపత్రాలకంటే ఈ పాటే పల్లెల్లో మాత్ర గురించి ఎక్కువ ప్రచారం చేసిందని గ్రామీణ వైద్యులు తనతో అన్నారని ఆమె చెప్పుకుంది. ఇది ఆమె నోటి మాట. దీన్ని అంకెలతో నిరూపించడం కష్టం గానీ, కోళ్ల దొడ్డినీ, గర్భవతి తొడుక్కునే గౌనునూ సరదాగా ప్రస్తావిస్తూ సాగే పాట కరపత్రం కంటే దూరం పోతుందనడంలో నాకు సందేహం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవన్నీ చూసి ఆమెను స్త్రీవాద ఉద్యమకారిణిగా రాసేయకండి. ఉద్యమం పేరుకు ఆమె దూరంగానే ఉంది. ఎన్నికల్లో సీనియర్ బుష్‌కూ, 2016లో ట్రంప్‌కూ మద్దతు పలికింది. నగరాల్లోని విద్యావంతులైన స్త్రీలు వ్యాసాల్లో వాదిస్తున్న విషయాన్నే, ఆ వ్యాసాలు చదవని స్త్రీల భాషలో ఆమె పాడింది. ఇద్దరి మాటా ఒకటే అయినా ఇద్దరూ ఒక పక్షం కాదు. సామాజిక చరిత్రలో ఇలాంటివి మీకు తరచుగా ఎదురవుతాయి. మన సౌకర్యంకోసం మనుషుల్ని మన గడుల్లో కుదించకూడదు.

1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమె. 1988లో కంట్రీ సంగీత కీర్తిమందిరంలో స్థానం లభించింది. సినిమాలో ఆమె పాత్ర ధరించిన సిసీ స్పేసెక్‌కు ఆస్కార్ వచ్చింది. 2004లో, 72 ఏళ్ల వయసులో, జాక్ వైట్ అనే యువ రాక్ గాయకుడితో కలిసి చేసిన ఆల్బమ్‌కు రెండు గ్రామీలు వచ్చాయి. ఆ ఆల్బమ్ పేరు 'వాన్‌లియర్ రోజ్'. 2013లో అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకుంది.

మళ్లీ ఆ తేదీ దగ్గరికి

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: వయసు విషయంలో అబద్ధం చెప్పినామె మిగతావి నిజం చెప్పిందని ఎలా నమ్మాలి? వినోద పరిశ్రమలో స్త్రీలు వయసు తగ్గించి చెప్పుకోవడం కొత్త కాదు. 28 ఏళ్ల నలుగురు పిల్లల తల్లి గాయనిగా మొదలుపెట్టినప్పుడు ఆ అవసరం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఒకసారి పుట్టిన సంవత్సరం ముందుకు జరిపాక, పిల్లల వయసులు అందరికీ తెలిసినవే కనుక, పెళ్లి వయసు తనంతట తానే వెనక్కి జరుగుతుంది. ఇది నా ఊహ మాత్రమే; దస్తావేజుల్లో కారణం రాసి ఉండదు.

ఒక్కో విషయాన్ని విడిగా పరీక్షించడమే చరిత్రకారుడి పని. వయసు విషయంలో జనన ధ్రువపత్రానిదే పైచేయి. గని, కంపెనీ ఊరు, వలస, తండ్రి జబ్బు: వీటిని బయటి ఆధారాలు బలపరుస్తాయి. కాపురంలోని సుఖదుఃఖాలకు ఆమె మాట తప్ప వేరే ఆధారం చాలా తక్కువ. అక్కడ ఆమె తనకు అనుకూలంకాని సంగతులు కూడా చెప్పింది, అది ఆ మాట విలువను పెంచుతుంది. వివాహ పత్రం తేదీ చెబుతుంది. 15 ఏళ్లకే పెళ్లయిన అమ్మాయి గర్భంతో, తెలిసిన మనిషి ఒక్కరూ లేని ఊరికి, దేశం ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లడం ఎలా ఉంటుందో చెప్పదు. అది పుస్తకమే చెప్పాలి. పైగా 13 కాదు 15 అని తేలినంత మాత్రాన అక్కడ పెళ్లయింది పెద్దమనిషికి కాదు, పిల్లకే.

లొరెట్టా లిన్ 2022 అక్టోబర్ 4న టెన్నెసీలోని హరికేన్ మిల్స్‌లో, తన ఇంట్లో, నిద్రలో మరణించింది. మర్నాటి పత్రికలన్నీ వయసు 90 అని వేశాయి.